టెక్ సందేహాలు: సీలు మార్చినా గేర్ బాక్స్ ఆయిల్ కారుతోంది

ఫోన్ వేడెక్కుతోందని, ల్యాప్‌టాప్ నెమ్మదించిందని అడిగే ఈ శీర్షికకు ఈసారి గేర్ బాక్స్ ప్రశ్నలు మూడు వచ్చాయి. అది కూడా యంత్రమే కదా, కాదనడం ఎందుకు?

ప్రశ్న: నాన్నగారు కొన్న 1998 మారుతి 800ని ఇప్పటికీ నడుపుతున్నాను. రోజూ పొద్దున గేర్ బాక్స్ కింద రూపాయి బిళ్లంత నూనె మరక కనిపిస్తోంది. షెడ్డులో యాక్సిల్ సీలు (చక్రాన్ని తిప్పే షాఫ్టు చుట్టూ నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) మార్చారు. రెండు నెలలకే మళ్లీ మొదలైంది. ఇప్పుడేమో గేర్ బాక్స్ మొత్తం దించాలంటున్నారు. దించమంటారా? (కరీంనగర్ పాఠకుడు)

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు ఆ లీకయ్యేది ఏ నూనో తేల్చండి. మరక కింద అట్టముక్క పరిచి, పడిన చుక్కను వేళ్ల మధ్య రుద్ది వాసన చూడండి. గేర్ ఆయిల్ చిక్కగా ఉండి, గంధకం వాసన గుప్పుమంటుంది. ఒకసారి తగిలితే సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా వదలదు. ఇంజిన్ ఆయిల్‌కు ఆ వాసన రాదు, కొంతకాలం వాడితే నల్లబడుతుంది కూడా. ఇంజిన్, గేర్ బాక్స్ కలిసే చోటునుంచి ఇంజిన్ ఆయిల్ కారుతుంటే తప్పు గేర్ బాక్స్‌ది కాదు, క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన షాఫ్టు) వెనక సీలుది. అక్కడే గేర్ ఆయిల్ కారుతుంటే ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని గేర్ బాక్స్‌లోకి తెచ్చే షాఫ్టు) సీలు పోయినట్టు. ఈ రెండింటిలో ఏదైనా సరే, గేర్ బాక్స్ దించక తప్పదు. దించినప్పుడు క్లచ్ ప్లేటు కూడా చూడండి. నూనె తాగిన ప్లేటు జారుతుంది, తుడిస్తే బాగుపడదు.

ఇక చోటు పట్టుకోవడం. నూనె పడే చోటూ కారే చోటూ ఒకటి కావు. బండి పరిగెత్తేటప్పుడు గాలి దాన్ని వెనక్కి తోస్తుంది, బరువు కిందికి లాగుతుంది. కాబట్టి మరకకు పైన, ముందువైపు వెతకాలి. కిరోసిన్, బ్రష్‌తో గేర్ బాక్స్ శుభ్రంగా కడిగించి, బాగా ఆరాక ముఖానికి రాసుకునే పౌడర్ పల్చగా చల్లండి. ఒక పది కిలోమీటర్లు తిరిగొస్తే తడి మొదలైన చోట పౌడర్ ముద్దకట్టి కనిపిస్తుంది. కారు కిందికి దూరే ముందు స్టాండ్లు పెట్టించండి. ఒక్క జాకీని నమ్ముకుని కారు కింద పడుకోవద్దు.

అందరూ మరిచిపోయేది బ్రీథర్. గేర్ బాక్స్ నడిచేకొద్దీ వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. అది బయటికి పోవడానికి పైన ఉండే చిన్న దారే బ్రీథర్. పాతికేళ్ల మట్టి, జిడ్డు చేరి అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ సీలు బలహీనంగా ఉంటే అక్కడినుంచి నూనెను తోసేస్తుంది. కొత్త సీలు వేసినా అంతే. నా పాత కారుకు ఇలాగే వరసగా మూడుసార్లు సీళ్లు మార్పించాను. నాలుగోసారి ఓ పెద్దాయన బ్రీథర్‌లోని మట్టి తీసేసి, డబ్బులు కూడా తీసుకోకుండా పంపించాడు. మొదటి మూడుసార్లు పెట్టిన ఖర్చు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నూనె ఎక్కువైనా లీకే. కారు సమంగా నిలబెట్టి, పక్కనున్న ఫిల్లర్ బోల్టు విప్పితే నూనె ఆ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. ధారగా పొంగిందంటే ఎక్కువ పోసినట్టు. డ్రెయిన్ బోల్టు వాషర్ కూడా చూడండి. నలిగి అతుక్కునే రకం వాషర్‌ను బోల్టు విప్పినప్పుడల్లా మార్చాలి. పాతదాన్నే వేసి, కారుతోందని బలంగా బిగిస్తే అల్యూమినియం కేసులో మరలు పోతాయి. అప్పుడు చిన్న లీకు పెద్ద ఖర్చవుతుంది. స్పీడోమీటర్ కేబుల్ వచ్చి చేరే చోట ఉండే రబ్బరు రింగు, గేర్ రాడ్ సీలు, రివర్స్ లైటు స్విచ్ వాషర్ కూడా గట్టిపడి కారుతుంటాయి. ఇవన్నీ చిన్న పనులే.

ఇవేవీ కాక యాక్సిల్ సీలే మళ్లీ కారుతుంటే సీలును తిట్టే ముందు షాఫ్టును చూడండి. సీలు పెదవి, అంటే షాఫ్టుకు ఆనే రబ్బరు అంచు, ఏళ్ల తరబడి ఒకే చోట రాసుకుని షాఫ్టు మీద గాడి పడుతుంది. గోరు పెట్టి గీస్తే తగులుతుంది. కొత్త సీలు సరిగ్గా ఆ గాడిలోనే కూర్చుంటే ప్రయోజనం లేదు. సీలు కూర్చునే గుంటలో చోటుంటే దాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు అటో ఇటో జరిపి కూర్చోబెట్టవచ్చు. షాఫ్టును చేత్తో పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడండి, బాగా ఆడుతోందంటే బేరింగు అరిగింది. సీలులో స్ప్రింగు ఉన్న వైపు నూనెవైపుకు ఉండాలి, పెదవికి కాస్త గేర్ ఆయిల్ రాయాలి, సరిపడా సాకెట్ ఆనించి తిన్నగా కొట్టాలి. స్క్రూడ్రైవర్‌తో ఒక మూల కొట్టిన సీలు రెండు నెలలు నిలిచిందంటే అదే గొప్ప.

ఒక హెచ్చరిక. కొత్త నూనె పోసేటప్పుడు డబ్బా మీద ఏపీఐ జీఎల్-4 (గేర్ ఆయిల్ రకాన్ని చెప్పే గుర్తు) అని ఉందో లేదో మీరే చదవండి. ఎక్కువ నంబరు కదా అని జీఎల్-5 పోస్తారు. అది హైపాయిడ్ డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండి చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) పళ్ల కోసం తయారైనది. అందులోని గంధకం, భాస్వరం మందులు పాత గేర్ బాక్స్‌లోని ఇత్తడి సింక్రో రింగులకు (గేర్ మెత్తగా పడేలా పళ్ల వేగాన్ని కలిపే రింగులు) పడకపోవచ్చు. గేర్ మార్చినప్పుడల్లా గరగర మొదలవుతుంది. లీకు ఆపుతామంటూ అమ్మే సీసాల జోలికీ పోకండి. అవి గట్టిపడిన రబ్బరును కొద్దికాలం ఉబ్బిస్తాయి, అంతే. షాఫ్టు మీది గాడిని అవి పూడ్చలేవు.

ప్రశ్న: మాది పాత మహీంద్రా సీజే-3బీ జీపు. కింద పెద్దగా మరకలు లేవు, కానీ గేర్ బాక్స్‌లో నూనె తగ్గిపోతోంది. ఈమధ్య హ్యాండ్ బ్రేకు కూడా పట్టడం లేదు. (పాడేరు పాఠకుడు)

జవాబు: రెండూ ఒకే రోగం కావచ్చు. మీ గేర్ బాక్స్ వెనకే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె) బిగించి ఉంటుంది. మధ్యలో షాఫ్టు వెళ్లే దారిలో నూనెను ఆపే భాగం అరిగితే ఇక్కడి నూనె అక్కడికి చేరుతుంది. ట్రాన్స్‌ఫర్ కేసు ఫిల్లర్ బోల్టు విప్పండి, పొంగితే అదే సంగతి. అక్కడ నిండిపోయిన నూనె వెనక సీలు దాటి బయటికొస్తుంది. ఈ జీపులో హ్యాండ్ బ్రేకు డ్రమ్ము ఉండేది సరిగ్గా అక్కడే, చక్రాల దగ్గర కాదు. నూనెకు తడిసిన బ్రేకు షూలు మార్పించండి. అంతవరకూ ఘాట్‌లో బండి ఆపితే గేర్‌లో పెట్టి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి.

ప్రశ్న: ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌కు గుచ్చి లోపాలు చదివే పరికరం) కొని ఫోన్ యాప్‌కు కలిపితే గేర్ ఆయిల్ లీకు తెలుస్తుందా? (గుంటూరు పాఠకురాలు)

జవాబు: తెలియదు. సాధారణ మాన్యువల్ గేర్ బాక్స్‌లో నూనె మట్టం కొలిచే సెన్సరే ఉండదు, ఇక యాప్ ఏం చదువుతుంది? పైగా మన దేశంలో కార్లకు ఓబీడీ-2 తప్పనిసరైంది 2013లో. కార్బురేటర్ కార్లలో స్కానర్ గుచ్చడానికి చోటే లేదు. ఆ డబ్బుతో ఫోన్‌కు తగిలించే ఎండోస్కోప్ కెమెరా కొనండి. సన్నని తీగ చివర లైటు, కెమెరా ఉంటాయి. చెయ్యి దూరని గేర్ బాక్స్ పైభాగం, బ్రీథర్ దాంతో కనిపిస్తాయి. కొనేముందు మీ ఫోన్ ఓటీజీకి (వేరే పరికరాన్ని తీగతో ఫోన్‌కు కలిపే సదుపాయం) పనికొస్తుందో లేదో చూసుకోండి. ఇంజిన్ చల్లారాకే తీగ లోపలికి పెట్టండి.