పంటు సరంగు కూతురికి విల్లు ఇవ్వొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం డంజన్స్ అండ్ డ్రాగన్స్ గురించే. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు, ఒకరు కథ నడుపుతారు, వాళ్ళని డంజన్ మాస్టర్ (డీఎం) అంటారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని "నేనిప్పుడు ఈ పని చేస్తున్నా" అని చెప్తారు. ఆ పని అవుతుందో లేదో అనుమానమైతే 20 ముఖాల పాచిక తేలుస్తుంది.

ప్ర: హాస్టల్ ఫ్రెండ్స్‌తో మొదటిసారి ఆడబోతున్నాను. క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాలు రాసుకునే కాగితం) చూస్తేనే టెన్షన్‌గా ఉంది. మా రేవులో ఏరు దాటించే పంటు నడిపే సరంగు కూతురిలాంటి పాత్ర చేద్దామనుకుంటే "అదేం ఫాంటసీ" అని నవ్వుతున్నారు. వీడియోలు చూస్తే ఏ క్లాసు (పాత్ర విద్య, అంటే యోధుడా, మంత్రగాడా అన్నది) గట్టిదన్న గొడవే తప్ప ఎక్కడ మొదలెట్టాలో ఎవరూ చెప్పట్లేదు.
– డిగ్రీ విద్యార్థిని, సఖినేటిపల్లి

జ: నవ్వనివ్వండమ్మా. వాళ్ళలో ఇద్దరైనా నల్లదుప్పటి కప్పుకుని మూలన కూర్చునే హంతకుడి పాత్రే తెస్తారు, చూస్తూ ఉండండి. మీకు తెలిసినవేమో వాళ్ళకి తెలియవు: వశిష్ఠ గోదావరిలో ప్రవాహం పెరిగినప్పుడు పంటుని రేవుకి సూటిగా కాకుండా ఎంత పైకి పట్టాలో, నీళ్ళ రంగు మారితే ఎగువన ఏం జరిగినట్టో. అవన్నీ ఆటలో పనికొస్తాయి.

ముందు మీ డీఎంని ఒక్క మాట అడగండి, ఏ నిబంధనల పుస్తకంతో ఆడిస్తున్నారని. 2014 నాటి పుస్తకంలో పాత్ర గుణాలకి కలిసే అదనపు పాయింట్లు జాతిని బట్టి వచ్చేవి, అంటే ఎల్ఫా, డ్వార్ఫా, మనిషా అన్నదాన్ని బట్టి. 2024లో సవరించినదాంట్లో అవి బ్యాక్‌గ్రౌండ్‌ని బట్టి, అంటే మీ పాత్ర ఇంతకుముందు ఏం పని చేసేదన్నదాన్ని బట్టి వస్తాయి. కొత్త పుస్తకం అనుకుని చెప్తున్నా, ఎందుకంటే మీ సరంగు కూతురికి అదే కలిసొస్తుంది: అందులో సెయిలర్ (ఓడ మనిషి) అనే బ్యాక్‌గ్రౌండ్ ఉంది.

షీట్‌లో ఆరు గుణాలుంటాయి: స్ట్రెంగ్త్ (బలం), డెక్స్‌టెరిటీ (చురుకు), కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం), ఇంటెలిజెన్స్ (చదువు, తర్కం), విజ్‌డమ్ (చూపు, వివేకం), కరిజ్మా (ఆకట్టుకునే తీరు). వాటికి పంచడానికి 15, 14, 13, 12, 10, 8 అనే అంకెలు ఇస్తారు. మీరు రేంజర్ క్లాసు తీసుకోండి, విల్లు, అడవి, నీరు, జాడ పట్టడం, కాస్త మంత్రం, అన్నీ అందులో ఉన్నాయి. రేంజర్‌కి చురుకూ చూపూ ముఖ్యం కాబట్టి 15 డెక్స్‌టెరిటీకి, 14 విజ్‌డమ్‌కి పెట్టండి, 13 కాన్‌స్టిట్యూషన్‌కి, 12 స్ట్రెంగ్త్‌కి, 10 కరిజ్మాకి.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. సెయిలర్ వల్ల ఒకదానికి 2, ఇంకోదానికి 1 కలుపుకోవచ్చు కదా, పెద్దదానికి పెద్దది అనుకుని 15ని 17 చేసేస్తారు. కానీ ఆటలో పాచికకి కలిసేది ఈ అంకె కాదు, దీన్నుంచి వచ్చే మోడిఫయర్. 10కీ 11కీ సున్నా, 12కీ 13కీ ఒకటి, అలా జతలుగా పెరుగుతుంది. 16కి +3, 17కీ అదే +3. అందుకని 15కి 1, 14కి 2 కలపండి, రెండూ 16 అవుతాయి, రెండిటికీ +3 వస్తుంది.

దానివల్ల ఏమొచ్చింది? సెయిలర్‌కి పర్సెప్షన్ (చుట్టూ ఉన్నది కనిపెట్టే) నైపుణ్యం ఉచితంగా వస్తుంది, మొదటి లెవెల్‌లో నైపుణ్యానికి +2, విజ్‌డమ్ +3తో కలిపి +5. పొగమంచులో అవతలి గట్టున ఎవరో నక్కి ఉన్నారు, కనిపెట్టాలంటే 15 రావాలని డీఎం అన్నారనుకోండి, మీకు పాచిక మీద 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే చాలు, అంటే 55 శాతం. ఆ నైపుణ్యం లేని, విజ్‌డమ్ 10 ఉన్న స్నేహితుడికి అదే 30 శాతం. రేంజర్‌కి మొదట్లో ప్రాణాలు (హిట్ పాయింట్లు) 10, దానికి కాన్‌స్టిట్యూషన్ మోడిఫయర్ 1 కలిపి 11. చచ్చేంత తక్కువ కాదు, తెగించి ముందుకి దూకేంత ఎక్కువా కాదు, విల్లు పట్టుకుని వెనక నిలబడండి.

మిగిలిన 8 ఇంటెలిజెన్స్‌కి. దీన్ని మాత్రం దాచిపెట్టకండి. నన్నడిగితే పాత్ర మొత్తంలో బాగా ఆడించేది ఆ 8యే. మీ పిల్ల మొద్దేం కాదు, ఏటి సంగతి ఎవరికన్నా బాగా తెలుసు, కానీ రాజుల వంశాలూ పాత శాసనాలూ తలకెక్కవు. శిథిలమైన కోటలో గోడ మీద రాత కనబడగానే "ఇవి ఎవరో లెక్కలేసుకున్న గీతలు" అని ధీమాగా చెప్పేయండి. విజార్డ్ (చదువుకున్న మంత్రగాడు) పాత్ర ఆడే స్నేహితుడు తల పట్టుకుంటాడు, అతనికి మాట్లాడే అవకాశం దొరుకుతుంది.

ప్ర: నా పాత్రకి పన్నెండు పేజీల గతం రాశాను. తల్లిదండ్రుల్ని చంపేశారు, ఊరు తగలబెట్టేశారు, గురువు కూడా పోయాడు, ఇక మిగిలింది పగే. డీఎం రెండో పేజీ దాటలేదు.
– బీటెక్, భీమవరం

జ: తప్పు డీఎంది కాదు తమ్ముడూ. అందర్నీ నువ్వే చంపేస్తే ఆయన ఎవర్ని వాడుకోవాలి? మన జిల్లాల్లో పుట్టినవాడికి చుట్టాలే లేకపోవడం డ్రాగన్ కన్నా నమ్మశక్యం కాని సంగతి. ఒక మేనమామని బతికించు. వాడి దగ్గర తీసుకున్న బాకీ ఒకటి పెట్టు. ఊరు తగలబడటం బదులు వరదకి గండి పడి లంకలోకి నీళ్ళొచ్చాయనుకో, ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు కదా, అలాంటి రాత్రి గట్టు కాపలా ఎవరిది, ఎవరు నిద్రపోయారు అన్నది తేలకుండా వదిలెయ్. ఆ ఖాళీని డీఎం పూరిస్తాడు. మొత్తం అరపేజీ. కొట్టేసిన పేజీలు నీ దగ్గరే ఉంచుకో, ఆడేటప్పుడు మాటల్లో దొర్లుతాయి.

ప్ర: మా అబ్బాయి పాచికలు కొనాలంటున్నాడు. ఇదేమైనా జూదమా? పైగా ఆ రకం పాచికలు ఇక్కడ దొరకడం లేదు.
– గృహిణి, పాలకొల్లు

జ: జూదం కాదండీ, డబ్బు పందెం ఉండదు, గెలిచేదీ ఓడేదీ ఉండదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే అమెరికన్లు 1974లో అచ్చేశారు, అప్పట్నుంచీ పెద్దవాళ్ళూ ఆడుతున్నారు. సెట్‌లో ఏడు పాచికలుంటాయి, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. అవి వచ్చేదాకా ఇంట్లో హౌసీ డబ్బా ఉంటే 1 నుంచి 20 దాకా బిళ్ళలు తీసి సంచిలో వేయండి, 20 ముఖాల పాచిక తయారు. తీసిన బిళ్ళ ప్రతిసారీ తిరిగి సంచిలో వేయాలి, లేకపోతే లెక్క మారిపోతుంది. మొదలెట్టడానికి సరిపడా నిబంధనలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి, పుస్తకం అప్పుడే కొనక్కర్లేదు.

ప్ర: నా పాత్ర ఒంటరివాడు, ఎవర్నీ నమ్మడు, ఎవరితోనూ మాట్లాడడు. మిగతావాళ్ళు విసుక్కుంటున్నారు. పాత్ర స్వభావమే అది కదా?
– రావులపాలెం

జ: విసుక్కోక ఏం చేస్తారు? నాలుగు గంటలు కూర్చుని మీ మౌనం చూడటానికి వస్తున్నారా? ఎవర్నీ నమ్మనివాడు కూడా ఒక్కరిని నమ్మొచ్చు. బల్ల దగ్గరున్న ఒకరిని అడిగి ఒప్పుకున్నాక, "నా ప్రాణం కాపాడింది నువ్వే, అందుకే నీ వెనకే వస్తున్నా" అని షీట్‌లో రాసుకోండి. పై సఖినేటిపల్లి అమ్మాయి మీ గుంపులో ఉంటే ఏరు దాటించింది తనే అని రాసుకోవచ్చు.