తమ్ముడి ఫిట్స్ చూసి మెదడు పరిశోధన చేస్తానంటోంది, చేర్చమంటారా?

ప్రశ్న: మా అబ్బాయికి ఆరేళ్లుగా ఫిట్స్. ఫిట్స్ నుంచి మెదడు కణాలను కాపాడే ప్రోటీన్ల మీద పరిశోధన చేస్తానని వాడి అక్క పట్టుబడుతోంది. వాడికి మందు తనే కనిపెట్టాలని నా ఆశ కూడా. అన్నేళ్లు చదివే బదులు ఏఐతో మందులు తయారుచేసే ఏడాది కోర్సు మేలని మావారు అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: మీరు పైకి అడగని మాట ముందు చెబుతానమ్మా. ఫిట్స్ వచ్చిన ప్రతిసారీ బాబు మెదడు కొంత పోతోందేమోనని కదా మీ టెన్షన్? ఒకటి రెండు నిమిషాల్లో ఆగేవాటికి మామూలుగా కణాలు కుప్పలుగా చనిపోవు. ఐదు నిమిషాలు దాటితే మాత్రం ఎమర్జెన్సీ. ఆగకుండా అరగంట సాగితే దెబ్బ మిగిలిపోయే ప్రమాదం ఉంది.

అంతసేపు సాగినప్పుడు మెదడు కణాలను ఉత్తేజపరిచే గ్లూటమేట్ అనే రసాయనం పొంగి, న్యూరాన్లలోకి (మెదడు నాడీకణాల్లోకి) కాల్షియం వరదలా చొరబడుతుంది. కణం ఊరికే ఉండదు. పక్కనున్న ఆస్ట్రోసైట్లనే సహాయక కణాల ప్రోటీన్లు గ్లూటమేట్‌ను లాగేస్తాయి. కాల్‌బైండిన్ అనే ప్రోటీన్ కాల్షియాన్ని పట్టుకుంటుంది. హెచ్‌ఎస్‌పీ70 మిగతా ప్రోటీన్ల మడత చెడకుండా చూస్తుంది. కణం తనను తాను చంపుకోకుండా బీసీఎల్-2 అడ్డుపడుతుంది. మీ అమ్మాయిని పట్టుకున్నది ఈ పోరాటమే.

ఏఐ కోర్సు మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ గొప్పదే, 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో దానికీ వాటా దక్కింది. కానీ అది చూపేది ప్రోటీన్ ఆకారం. అలాంటి కోర్సు చేసిన ఒకబ్బాయి నా ఎదుట ల్యాప్‌టాప్‌లో హెచ్‌ఎస్‌పీ70ని గిరగిరా తిప్పి చూపించాడు. కణానికి కష్టమొచ్చినప్పుడు ఇది ఏం చేస్తుందంటే తెల్లమొహం వేశాడు. బీడీఎన్‌ఎఫ్‌నే చూడండి. న్యూరాన్లను బతికించే ప్రోటీన్ అది. జంతువుల్లో చేసిన ప్రయోగాల్లో అదే ఫిట్స్ ముదరడానికీ దోహదం చేసింది. ఎప్పుడు మేలు, ఎప్పుడు కీడు అన్నది ల్యాబ్‌లో ఏళ్ల తరబడి కూర్చుంటేనే తెలుస్తుంది. బయోకెమిస్ట్రీ డిగ్రీలో చేరనివ్వండి, ప్రోగ్రామింగ్ పక్కనే నేర్చుకుంటుంది.

ఒక మాటకు మీకు కోపం రావచ్చు. తమ్ముడికి మందు కనిపెట్టే బాధ్యత ఆ పిల్ల నెత్తిన పెట్టడం అన్యాయం. ల్యాబ్‌లో పనిచేసింది మందుగా మారడానికి పదేళ్లు పైనే పట్టొచ్చు, అసలు మారకపోవచ్చు కూడా. ఒక ప్రయోగం చెడిపోయిన రోజున తమ్ముడి విషయంలో ఓడిపోయానని తను ఏడవకూడదు. ఆ ఆశ ఇంకెప్పుడూ తన ముందు అనకండి. వాడికి ఫిట్స్ ఎప్పుడొచ్చాయో, ఎన్ని నిమిషాలున్నాయో రాసిపెట్టి డాక్టరుకు చూపించండి. ఆ పుస్తకం మీరు రాయండి, అమ్మాయితో రాయించకండి.