అడగండి, చెబుతాం: పాత హెవీ మెటల్ ఆల్బమ్‌లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం "ఏ ఆల్బం గొప్పది" అన్న తగువే. తగువు మంచిదే. కానీ ఏ ఏడాది ముద్రణ విన్నారో, దేనిమీద విన్నారో రాయకపోతే ఇద్దరూ రెండు వేరు రికార్డుల గురించి కొట్టుకుంటున్నట్టే. ఈ నెల జవాబులన్నీ ఆ చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: బ్లాక్ సబాత్ మొదటి ఆల్బంలో మొదటి పాట వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఇంట్లో మాత్రం "ఇదేటి గోల, శ్రుతీ లేదు లయా లేదు" అంటున్నారు. అందులో స్వరాలేమిటి? ఏ రాగమని చెప్పొచ్చు?
— వయొలిన్ విద్యార్థిని, విజయనగరం

శ్రుతి ఉందమ్మా, చాలా నిక్కచ్చిగా ఉంది. ఆ పాట ఐదు శ్రుతిలో, అంటే 'జి'లో నడుస్తుంది. మొత్తం మూడే స్వరాలు: కింది సా, పై సా, ఆ రెంటికీ సరిగ్గా నడిమధ్యన ఉన్న ప్రతి మధ్యమం. పన్నెండు స్వరస్థానాల్లో ఆరు ఇటు, ఆరు అటు. మూడో స్వరం దగ్గర బ్యాండు గిటారిస్టు టోనీ అయోమీ ఆగి, వేలితో దాన్ని వణికిస్తాడు. మీ వయొలిన్ మీద చాలా విలంబంలో వాయించి చూడండి. చెవి పంచమం కోసం ఎదురుచూస్తుంది. పంచమం ఒక్క మెట్టు పైనే ఉంది, కానీ రాదు. మళ్లీ కింది సా దగ్గరికే వెళతాడు. ఆ భయం పుట్టేది అక్కడే.

కల్యాణిలోనూ అదే ప్రతి మధ్యమం ఉంది కదా, అది భయపెట్టదేం అని మీకు అనుమానం రావాలి. కల్యాణిలో చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం దానికి మెట్లు వేస్తాయి, పంచమం వచ్చి చేయందుకుంటుంది. ఇక్కడ చుట్టూ ఎవరూ లేరు. కాబట్టి దీన్ని రాగం అనకండి. కింది సా, పై సా ఒకటే కాబట్టి నిజానికి ఉన్నవి రెండు స్వరాలే, వాటితో రాగం కట్టదు.

మేళాల పోలిక కావాలంటే వేరే చోట దొరుకుతుంది. మెటల్‌ను మహా వేగంగా వాయించే థ్రాష్ బ్యాండ్లు తరచూ వాడే ఫ్రిజియన్ స్వరక్రమం హనుమతోడి మేళానికి సమానం. గిటారిస్టు ఇంగ్వే మాల్మ్‌స్టీన్ 1984 నాటి రైజింగ్ ఫోర్స్ ఆల్బంలో పరుగులు తీసే హార్మోనిక్ మైనర్ మన కీరవాణి. అయితే స్వరాలు కలిసినంత మాత్రాన తోడి అయిపోదు. తోడి ప్రాణమంతా గాంధారం ఊపులో ఉంటుంది, మెటల్‌లో ఆ గమకం ఉండదు. ఇంట్లోవాళ్లకు ఈ తేడా వాయించి చూపండి, మాటల కంటే బాగా పనిచేస్తుంది.

ఆల్బం 1969 అక్టోబరులో లండన్‌లో దాదాపు ఒక్క రోజులోనే రికార్డయింది, 1970 ఫిబ్రవరి 13న విడుదలైంది. మొదట్లో వినిపించే వాన, ఉరుము, గంట తరవాత చేర్చినవి.

ప్రశ్న: బ్లాక్ సబాత్ మాస్టర్ ఆఫ్ రియాలిటీ పాటలతో కలిసి గిటారు వాయిస్తే ఎక్కడా కలవడం లేదు. వాళ్లదే పారానాయిడ్ ఆల్బంతో బాగానే కలుస్తోంది. నా గిటారుది తప్పా? రెంటిలో ఏది బరువైనది?
— ఆమదాలవలస పాఠకుడు

గిటారు తప్పు కాదు. 1971లో వచ్చిన మాస్టర్ ఆఫ్ రియాలిటీలో చిల్డ్రన్ ఆఫ్ ది గ్రేవ్, ఇంటు ది వాయిడ్ లాంటి పాటలకు తీగలన్నీ మూడు స్వరస్థానాలు దించి వాయించారు. లావు తీగ నుంచి వరసగా సి షార్ప్, ఎఫ్ షార్ప్, బి, ఇ, జి షార్ప్, సి షార్ప్. దీని వెనక ఒక గాయం ఉంది. పదిహేడో ఏట రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా అయోమీ కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. అతను ఎడమచేతివాటం, కాబట్టి తీగలు నొక్కేది ఆ చేతితోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సన్నని తీగలు వేసుకున్నాడు. తీగ దించితే నొక్కడం ఇంకా తేలిక.

మీరు మామూలు 9-42 సెట్‌తో (సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) అంత దించితే బిగువు సుమారు 30 శాతం పడిపోతుంది. తీగ ఫ్రెట్లకు కొట్టుకుని జరజరలాడుతుంది, గట్టిగా కొడితే శ్రుతి పైకి జారుతుంది. 11-49 సెట్ వేయండి, బిగువు దాదాపు మొదటిదానికే వస్తుంది. వేశాక మూడు చూడాలి. మెడ పైకొసన తీగలు కూర్చునే నట్ గాడిలో లావు తీగ ఇరుక్కుంటోందా? మెడ వంగితే దాని లోపలుండే కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను ఒకసారికి పావు చుట్టు మాత్రమే తిప్పి, ఒక రోజు ఆగండి. చివరగా 12వ ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం, అక్కడే తాకి పలికించిన హార్మోనిక్ ఒకటేనా? నొక్కినది హెచ్చుగా ఉంటే బ్రిడ్జి మీద తీగ ఆనే శాడిల్‌ను వెనక్కి జరపాలి.

బరువు మాటకొస్తే మా ఓటు మాస్టర్ ఆఫ్ రియాలిటీకే. పారానాయిడ్‌లో పాటలు మెరుగు, ఇందులో ధ్వని మెరుగు.

ప్రశ్న: మెటాలికా 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్'లో బేస్ గిటారు అసలు వినపడదు. కొత్త స్పీకర్లు కొనాలా?
— రాజాం పాఠకుడు

కొనకండి. ముందు ఒక పరీక్ష చేయండి. మెటాలికాదే, 1986 నాటి మాస్టర్ ఆఫ్ పపెట్స్‌లో ఒరాయన్ అనే పాట పెట్టండి. పాట నడుమ వేగం తగ్గే చోట క్లిఫ్ బర్టన్ బేస్ ఒంటరిగా మొదలవుతుంది. ఆ ఒక్కో మీటూ విడిగా వినిపిస్తే మీ స్పీకర్లు శుభ్రంగా ఉన్నట్టే.

మీరడిగిన 1988 ఆల్బంలో లోపం మిక్స్‌ది, అంటే వాయిద్యాల పాళ్లు కలిపిన తీరుది. బర్టన్ 1986 సెప్టెంబరులో స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో పోయాడు, అతని చోటికి జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. చాలాచోట్ల న్యూస్టెడ్ బేస్, గిటారు వాయించిన స్వరాలనే కింది స్థాయిలో వాయిస్తుంది. బ్యాండు గిటారిస్టు హెట్‌ఫీల్డ్ గిటారులో మధ్య పౌనఃపున్యాలు కోసేసి అడుగుభాగం నింపారు, బేస్ ఉండాల్సిన చోట అదే కూర్చుంది. పైగా బేస్ తగ్గించమన్నది బ్యాండువాళ్లేనని మిక్స్ చేసిన స్టీవ్ థాంప్సన్ బహిరంగంగా చెప్పాడు. ఈక్వలైజర్‌లో 60 నుంచి 100 హెర్ట్జ్ పెంచితే డ్రమ్ము, గిటారు ఉబ్బుతాయి తప్ప బేస్ రాదు. 2018 ముద్రణ కొన్నా అంతే. అది రీమాస్టర్, అంటే తయారైన మిక్స్‌కే మెరుగు పెట్టారు. వాయిద్యాల పాళ్లు మార్చాలంటే రీమిక్స్ చేయాలి. ఇంత జరిగినా ఆ పాటల కట్టుబడి ముందు మేము ఇప్పటికీ తలవంచుతాం.

ప్రశ్న: ఆజీ ఆస్బోర్న్ బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్ సీడీలు పాతవి రెండు దొరికాయి. ఒకదానిలో డ్రమ్స్ వేరుగా ఉన్నాయి. నకిలీదా?
— చీపురుపల్లి పాఠకుడు

నకిలీ కాదు, కానీ మీరు వెతుకుతున్నది కూడా కాదు. వెనక అట్ట మీద సంవత్సరం చూడండి. 2002 అని ఉంటే అందులో బాబ్ డేజ్లీ బేస్, లీ కర్స్‌లేక్ డ్రమ్స్ తీసేసి రాబర్ట్ త్రుహీయో, మైక్ బోర్డిన్‌లతో మళ్లీ వాయించి అతికించారు. ఆజీదే మరో ఆల్బం డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మన్‌కూ అదే గతి పట్టింది. 2011 ముద్రణలో అసలు వాయింపులు తిరిగి వచ్చాయి. 2002కు ముందుది గానీ 2011ది గానీ తీసుకోండి. మెగాడెత్ రస్ట్ ఇన్ పీస్‌ను కూడా 2004లో రీమిక్స్ చేశారు, కొన్నిచోట్ల గొంతు కొత్తగా పాడించారు. 1990 నాటిది వినకుండా ఆ ఆల్బం మీద తీర్పు చెప్పకండి.

ప్రశ్న: అన్నయ్య దాచిన ఐరన్ మెయిడెన్, బ్లాక్ సబాత్ కాసెట్లు ముప్పై దాకా ఉన్నాయి. తెల్ల మచ్చలు పట్టాయి, వాయిస్తే మూసుకుపోయినట్టు వినిపిస్తున్నాయి. కంప్యూటర్లోకి ఎక్కించాలి.
— బారువ పాఠకురాలు

సముద్రం ఒడ్డున కాసెట్టుకు పెద్ద శత్రువు తేమ. ఆ తెల్ల మచ్చలు బూజు. బూజు ఉన్న కాసెట్టును మంచి డెక్కులో పెట్టొద్దు, హెడ్డుకు అంటి తరవాతి కాసెట్లకూ పాకుతుంది. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో వారం, పది రోజులు ఉంచండి. ఎండలో పెడితే కాసెట్టు ప్లాస్టిక్ పెట్టె వంగుతుంది. ఆరాక ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట, పనికిరాని ప్లేయరులో రెండుసార్లు ముందుకీ వెనక్కీ చుట్టండి. టేపు అంచును పోగులు రాలని పొడిగుడ్డ తాకుతూ ఉండాలి, నొక్కకూడదు.

ఇక మూసుకుపోయిన ధ్వని. దీనికి కారణాలు నాలుగు, ఈ వరసలోనే చూడండి. మొదటిది మురికి హెడ్డు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్ బడ్ తడిపి హెడ్డునూ, పక్కనున్న సన్నటి ఇనుప కడ్డీనీ తుడవండి. మందుల షాపులో దొరికే 70 శాతంది నీళ్లు కలిసినది, వద్దు. రబ్బరు చక్రానికి ఆల్కహాల్ పెట్టకుండా తడిగుడ్డతో తుడిస్తే చాలు. రెండోది కాసెట్టు నోటి దగ్గర రాగి రేకు మీద ఉండే చిన్న మెత్త. జిగురు ఎండి అది ఊడిపోతే టేపు హెడ్డును సరిగా తాకదు, పై స్థాయిలన్నీ పోతాయి. అయిదు మరలున్న మరో కాసెట్టు విప్పి ఆ రేకు తీసి వేయండి. మూడోది హెడ్డు వాలు. హెడ్డు పక్కన రంగు చుక్క పెట్టిన చిన్న మర ఉంటుంది. ముందు దాని స్థానం గుర్తు పెట్టుకుని, పాట మోగుతుండగా చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున తిప్పండి. డ్రమ్స్‌తో మోగే తాళాల (సింబల్స్) చప్పుడు ఎక్కడ పదునుగా వినిపిస్తే అక్కడ ఆపండి. ఇంట్లో ఎక్కించిన కాసెట్లయితే ఒక్కో దానికి ఒక్కో వాలు ఉండొచ్చు. నాలుగోది డాల్బీ, అంటే టేపు బుస్సును తగ్గించే ఏర్పాటు. డాల్బీ లేకుండా ఎక్కించిన కాసెట్టును డాల్బీ వేసి వింటే ధ్వని మొద్దుబారుతుంది, ఆ మీట ఆఫ్‌లో పెట్టి చూడండి.

వేగం కూడా చూడాలి. పారానాయిడ్ పాట నిడివి సుమారు 2 నిమిషాల 50 సెకన్లు. మీ ప్లేయరులో 3 నిమిషాలు పట్టిందంటే బెల్టు సాగి, పాట సరిగ్గా ఒక స్వరస్థానం దిగింది. బెల్టు మార్చాకే ఎక్కించండి.

లైన్ అవుట్ నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కు తీగ వేయండి, మైకు రంధ్రంలో వద్దు. అడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టి, అతి గట్టి చోట కూడా మీటరు ముల్లు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడండి. బుస్సుమనే శబ్దాన్ని పూర్తిగా తీసేయాలని ఆశపడకండి. నాయిస్ రిడక్షన్ మరీ పెంచితే తాళాలు నీళ్లలో మోగినట్టవుతాయి.

ప్రశ్న: స్లేయర్ రెయిన్ ఇన్ బ్లడ్ అరగంట కూడా లేదు. దాన్ని మాస్టర్ ఆఫ్ పపెట్స్ పక్కన ఎలా నిలబెడతారు?
— పలాస పాఠకుడు

రెండూ 1986వే. ఒకటి 29 నిమిషాలు, ఇంకోటి దాదాపు 55. నిడివి లోపం కాదు, ఆ వేగానికి చెవి తట్టుకునే కొలత అది. రెయిన్ ఇన్ బ్లడ్ కాసెట్టుపై మొత్తం ఆల్బం ఒక వైపే పట్టేసి, రెండో వైపు మళ్లీ అదే ఇచ్చారు.

ప్రశ్న: కాలేజీ బ్యాండులో ఇద్దరు గిటారిస్టులం. ఐరన్ మెయిడెన్‌లా జంట గిటార్లు వాయిస్తే అపస్వరం వస్తోంది.
— నరసన్నపేట పాఠకుడు

రెండో అతను అన్ని స్వరాలకూ మూడేసి ఫ్రెట్లు పైకి జరిపి వాయిస్తున్నాడని మా అనుమానం. జరపాల్సింది ఫ్రెట్లు కాదు, స్వరక్రమంలో మెట్లు. ఇ మైనర్, అంటే నఠభైరవి తీసుకోండి. మొదటి గిటారు ఇ అంటే రెండోది జి, ఎఫ్ షార్ప్ అంటే ఎ, జి అంటే బి. మొదటి రెండు జతల దూరం మూడు ఫ్రెట్లు, మూడోదానికి నాలుగు. సి, డి దగ్గరా నాలుగే. ముందు ఇద్దరూ ఒకే స్వరం వాయించి తీగ లాగే చోట్లు, వణికించే చోట్లు కలుపుకోండి. ఒకరు సగం మెట్టు, ఒకరు ముప్పావు లాగితే స్వరాలు సరైనవైనా కీచుమంటుంది. యాంప్లిఫయరులో ధ్వనిని గరగరలాడించే గెయిన్ ఇద్దరూ ఒంటరిగా వాయించేటప్పటి కన్నా తగ్గించాలి. డేవ్ ముర్రేను ఒక చెవిలో, ఏడ్రియన్ స్మిత్‌ను ఇంకో చెవిలో వినడానికి 1984 నాటి పవర్‌స్లేవ్‌ను హెడ్‌ఫోన్లలో పెట్టుకోండి. కింద స్టీవ్ హారిస్ బేస్ గుర్రపుదౌడు "తా కిట, తా కిట" అని నోటితో చెప్పుకుంటూ వింటే రెండు గిటార్లూ దేనిమీద నిలబడ్డాయో తెలుస్తుంది.