హ్యావింగ్‌లో ఎలియాస్: ఒకచోట నడిచి మరోచోట ఆగేదెందుకు?

ప్రశ్న: ఆర్డర్ల టేబుల్‌లో ఒక్కో కస్టమర్ కొనుగోళ్లను సమ్‌తో కూడి, ఆ కాలమ్‌కు ‘మొత్తం’ అని ఎలియాస్ (మారుపేరు) ఇచ్చాను. గ్రూపులను వడగట్టే షరతుగా ‘హ్యావింగ్ మొత్తం > 10000’ అని రాస్తే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో నడిచింది. అదే క్వెరీకి పోస్ట్‌గ్రెస్ అలాంటి కాలమే లేదంటోంది. ఆర్డర్ బైలో మాత్రం ఆ పేరు ఒప్పుకుంటోంది. ఎందుకిలా?

జవాబు: మనం సెలెక్ట్‌ను ముందు రాస్తాం గానీ, ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో దాని వంతు ఆలస్యంగా వస్తుంది. ఫ్రమ్, వేర్, గ్రూప్ బై, హ్యావింగ్ అయ్యాకే సెలెక్ట్. ఎలియాస్ పుట్టేది అక్కడే కాబట్టి హ్యావింగ్ నాటికి ఆ పేరింకా లేదు. ఆర్డర్ బై ఆ తర్వాత వస్తుంది గనక దానికి ఇబ్బంది లేదు.

మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ, ఎస్‌క్యూలైట్ ఈ నియమాన్ని సడలించాయి. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ సడలించలేదు. ఒరాకిల్‌లో 23వ వెర్షన్ నుంచే ఈ వెసులుబాటు. పాతవాటిలో ఓఆర్ఏ-00904 ఎర్రర్ వస్తుంది. పోస్ట్‌గ్రెస్ గ్రూప్ బైలో ఎలియాస్‌ను అనుమతించి హ్యావింగ్‌లో వద్దంటుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే.

అన్నిచోట్లా నడవాలంటే లెక్కనే మళ్లీ రాయండి: ‘హ్యావింగ్ సమ్(ధర) > 10000’. కూడిక రెండుసార్లు జరుగుతుందన్న భయం అక్కర్లేదు. ఒకే రకం సమ్ రెండుచోట్ల కనిపిస్తే పోస్ట్‌గ్రెస్ ఒక్కసారే లెక్కిస్తుంది.

లెక్కలో కేస్‌లు (షరతును బట్టి విలువ ఎంచేవి), భాగహారాలు చేరి నాలుగైదు లైన్లయితే మాత్రం మళ్లీ రాయకండి. రేపు ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోతే ఎర్రర్ రాదు, ఫలితం మాత్రం తప్పుతుంది. గ్రూప్ చేసిన క్వెరీని విత్‌లో (ముందే పేరు పెట్టి రాసే ఉప క్వెరీలో) పెట్టి, బయట ‘వేర్ మొత్తం > 10000’ అనండి. బయటి క్వెరీకి అది మామూలు కాలమే. మైఎస్‌క్యూఎల్‌లో విత్ 8.0 నుంచే ఉంది. అంతకుముందైతే ఫ్రమ్‌లో బ్రాకెట్ల మధ్య రాయండి, ఆ బ్రాకెట్‌కూ ఒక పేరు తప్పనిసరి.

మైఎస్‌క్యూఎల్‌లోనే ఉండిపోయేవారికీ రెండు ప్రమాదాలున్నాయి. గ్రూప్ బైలోని కాలమ్ పేరునే ఎలియాస్‌గా పెడితే, హ్యావింగ్ గ్రూప్ బై కాలమ్‌నే తీసుకుంటుంది. మరొకటి, హ్యావింగ్‌లో ఎలియాస్‌కు సింగిల్ కోట్స్ వేయడం. అప్పుడది కాలమ్ కాదు, ఉత్త అక్షరాలు. సంఖ్యతో పోల్చేటప్పుడు దాని విలువ సున్నా అవుతుంది. క్వెరీ ఎర్రర్ లేకుండానే నడుస్తుంది, ఒక్క వరుసా రాదు. కోట్స్ తప్పనిసరైతే బ్యాక్‌టిక్ (`) వాడండి.