ఆల్చిప్ప మొప్పలు జల్లెడలా పనిచేస్తాయా?

కదలకుండా పడి ఉండే ఆల్చిప్పకు తిండి ఎలా దొరుకుతుంది, మొప్పలతో నీటిని జల్లెడ పడుతుందా అని అడిగారు. జంతుశాస్త్రం చదివే రోజుల్లో నేనూ జల్లెడే అనుకున్నాను. ఒక మంచినీటి ఆల్చిప్పను గాజు తొట్టిలో పెట్టి చూశాక ఆ నమ్మకం సడలింది.

మొదట అది ఎంతకీ తెరుచుకోలేదు. బల్లకు మోచెయ్యి తగిలితే చాలు, చిప్పలు బిగించేసేది. చివరికి వెనక అంచున రెండు రంధ్రాలు కనిపించాయి. కింది దానికి సన్నని కుచ్చు ఉంది, పైది నున్నగా ఉంది. పిప్పెట్‌తో ఎర్రరంగు నీళ్లు ఒక చుక్క కింది రంధ్రం దగ్గర వదిలాను. చటుక్కున లోపలికి పోయింది. కాసేపటికి పై రంధ్రంలోంచి పలచని పొగలా బయటికి వచ్చింది. కరిగిన రంగు కదా, ఆగడానికి అందులో రేణువులేమీ లేవు.

నీటిని లాగేది మొప్పల మీది శైలికలు. సూక్ష్మదర్శినిలో తప్ప కనిపించని ఈ కేశాలు ఎడతెగకుండా కొట్టుకుంటూ ఉంటాయి. ఆల్చిప్ప లాంటిదే అయిన సముద్రపు మస్సెల్‌లో, మొప్పలోని సన్నని పోగుల మధ్య సందు దాదాపు 40 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అయినా 4 మైక్రాన్ల రేణువులు కూడా ఇంచుమించు అన్నీ పట్టుబడతాయి. జల్లెడకు ఇది సాధ్యం కాదు. సందుల్లోకి నీరు జారుతుండగా మరో రకం శైలికలు రేణువులను పక్కకు తప్పించి పోగుల మీదికి చేరుస్తాయి. అక్కడినుంచి అవి జిగురుతో కలిసి, మొప్ప అంచున ఉన్న గాడి వెంట నోటివైపు సాగుతాయి.

నోటికి ఇరువైపులా ఉండే మడతలు వాటిని ఏరుతాయి. నాచు కణాలు లోపలికి వెళతాయి. పళ్లు లేవు కాబట్టి కడుపులో ఒక జిగురు కడ్డీ గిరగిరా తిరుగుతూ, తాను అరుగుతూ, ఎంజైములు వదులుతుంది. నాకైతే ఆల్చిప్పలో అన్నిటికన్నా వింతైన భాగం ఇదే.

మరో రోజు తొట్టిలో బురదనీళ్లు పోశాను. కొన్ని గంటల్లో నీరు తేటపడింది. "మొత్తం తినేసింది" అని సంబరంగా రాసుకున్నాను. మా అధ్యాపకుడు అడుగున పడి ఉన్న బూడిదరంగు పోగులను చూపించి నవ్వారు. అది మలం కూడా కాదట. ఏరివేతలో పనికిరాదని తేలిన మట్టిని జిగురులో చుట్టి, చిప్పలు టక్కున మూసి, వచ్చిన దారినే బయటికి నెట్టేసిందట. పుస్తకంలో "తినేసింది" కొట్టేసి "దించేసింది" అని రాశాను.