ఎన్నారై సందేహాలు: చేరని సంఘానికి ‘బిడ్ లెవీ’ ఎందుకు కట్టాలి?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఓ మోస్తరు పట్టణంలో, హై స్ట్రీట్‌ని ఆనుకున్న సందులో చిన్న టిఫిన్ సెంటర్ తీసుకున్నాం. రేటబుల్ వాల్యూ (పన్ను కోసం షాపుకు లెక్కగట్టిన ఏడాది అద్దె విలువ) 11,500 పౌండ్లే కాబట్టి బిజినెస్ రేట్స్ (వ్యాపార స్థలాల మీది పన్ను) ఏమీ పడవన్నారు. ఇప్పుడు కౌన్సిల్ నుంచే ‘బిడ్ లెవీ’ అంటూ 172 పౌండ్ల 50 పెన్నీలకు బిల్లొచ్చింది. మేం ఏ సంఘంలోనూ చేరలేదు. కట్టాలా?

జవాబు: కట్టాలి. ముందు అది కట్టేసి, తర్వాత దానికి తగ్గ పని రాబట్టుకోవడం మీద దృష్టి పెట్టండి.

బిడ్ అంటే బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్. ఊరి నడిబొడ్డున ఓ హద్దు గీసి, ఆ హద్దులోని వ్యాపారాలు ఓటు వేసుకుని, తమ మీద తామే అదనపు రుసుము విధించుకునే ఏర్పాటు ఇది. హైదరాబాదులో అపార్ట్‌మెంట్ ఉన్నవాళ్లకు సులువుగా అర్థమవుతుంది: జీహెచ్ఎంసీకి ఆస్తి పన్ను కట్టినా అసోసియేషన్ మెయింటెనెన్స్ తప్పదు కదా, అలాంటిదే. తేడా ఏమిటంటే, ఇక్కడ ఓటింగ్ నెగ్గాక వద్దన్నవాళ్లకూ, ఓటే వేయనివాళ్లకూ, తర్వాత వచ్చి చేరిన మీలాంటివాళ్లకూ అది చట్టప్రకారం బాకీ అవుతుంది. తప్పుకునే దారి లేదు.

ఈ పద్ధతి 1970లో టొరాంటోలోని బ్లూర్ వెస్ట్ విలేజ్‌లో పుట్టింది. ఇంగ్లండ్‌లో 2003 లోకల్ గవర్నమెంట్ చట్టం, 2004 నిబంధనలు దీనికి ఆధారం. 2005లో లండన్ శివారు కింగ్‌స్టన్‌లో మొదటిది పని మొదలుపెట్టింది. ఇప్పుడు బ్రిటన్ అంతటా 300కు పైగా ఉన్నాయి. అంతకుముందు ఊరి సెంటర్ బాగోగులకు చందాలు వసూలు చేసేవారు. నాలుగు పెద్ద షాపులు ఇచ్చేవి, మిగతా అందరూ ఆ చందాలతో పెట్టిన దీపాల వెలుగులోనే వ్యాపారం చేసుకునేవారు. ఏటా చందా అడగడం, ఏటా తగ్గడం. అందుకే తప్పనిసరి చేశారు. అయిదేళ్ల దాకా ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది కాబట్టి మనుషుల్ని ఉద్యోగంలో పెట్టుకోవచ్చు, కాంట్రాక్టులు కుదుర్చుకోవచ్చు. నా దృష్టిలో బిడ్ వల్ల ఊరికి జరిగే మేలుకి అసలు మూలం ఈ నిలకడే.

ఆ డబ్బు కౌన్సిల్ ఖజానాలో కలిసిపోదు. వసూలు చేసేది కౌన్సిల్. కానీ ప్రత్యేక ఖాతాలో ఉంచి బిడ్ కంపెనీకి అప్పజెప్పాలి. ఖర్చు ఓటింగ్‌కు ముందు పంచిన బిజినెస్ ప్లాన్ ప్రకారమే జరగాలి.

ఆ ఖర్చు ఎలా పనికొస్తుందో దొంగతనాల విషయంలో చూడండి. మీ కౌంటర్ మీది టిప్స్ డబ్బా ఎవరో ఎత్తుకుపోయారు. పదిహేను పౌండ్ల కేసుకు పోలీసులు పరుగెత్తుకు రారు. అదే మనిషి అదే వారంలో మందుల షాపులో షాంపూలు, బట్టల షాపులో జాకెట్టు లేపేశాడు. విడివిడిగా చూస్తే అన్నీ చిన్నవే. చాలా బిడ్‌లు షాపులకు రేడియో సెట్లు ఇస్తాయి, ఫొటోలూ వివరాలూ పంచుకునే యాప్ నడుపుతాయి, యూనిఫాం వేసుకున్న రేంజర్లను వీధుల్లో తిప్పుతాయి. మందుల షాపు గార్డు రేడియోలో ఆనవాలు చెప్పగానే రేంజర్ అటు వెళ్తాడు, పక్క షాపులు జాగ్రత్తపడతాయి. పది షాపుల నివేదికలు తేదీలతో సహా ఒకే ఫైల్లోకి చేరితే, కేసు రుజువైనప్పుడు ఆ మనిషిని టౌన్ సెంటర్‌లోకి రానివ్వకుండా ఆంక్షలు పెట్టమని కోర్టును అడిగే బలం వస్తుంది. ఒంటరి షాపు వల్ల ఇది కాదు. అందుకే పోయింది అయిదు పౌండ్లయినా యాప్‌లో నమోదు చేయండి. మనవాళ్లు ‘పోతే పోయిందిలే’ అని వదిలేస్తారు, ఆ ఫైలు అక్కడే బలహీనపడుతుంది.

చెత్త మీకు ఇంకా దగ్గరి విషయం. 2025 మార్చి 31 నుంచి ఇంగ్లండ్‌లో పూర్తికాలం లెక్కన పదిమంది, ఆపైన సిబ్బంది ఉన్న వ్యాపారాలు ఆహార వ్యర్థాల్నీ, రీసైకిల్ అయ్యేవాటినీ వేరుచేసి ఇవ్వాలి. అంతకంటే చిన్నవాటికి 2027 మార్చి 31 దాకా గడువుంది. ఒక్కో షాపు ఒక్కో కాంట్రాక్టర్‌ని పెట్టుకుంటే సందులోకి రోజుకు నాలుగు లారీలొస్తాయి, ధరా ఎక్కువే. అందరి తరఫునా బేరమాడి తక్కువ ధరకు కుదిర్చే బిడ్‌లున్నాయి, అట్టపెట్టెలు ఉచితంగా తీసుకెళ్లేవీ ఉన్నాయి. మీ కాంట్రాక్టు పునరుద్ధరించే ముందు ఒక్క మెయిల్ పెట్టి కనుక్కోండి. ఫస్ట్ ఎయిడ్, ఫుడ్ హైజీన్ లెవల్ 2 శిక్షణలు కూడా కొన్నిచోట్ల లెవీ కట్టేవాళ్లకు ఉచితం.

పేవ్‌మెంటు మీది చూయింగ్ గమ్ గీకించడం, క్రిస్మస్ దీపాలు, పూలబుట్టలు అందరికీ కనిపించేవే. కనిపించనిది ఇంకొకటుంది. రోడ్డు తవ్వకాల తేదీలు, పార్కింగ్ రేట్లు, బస్సు మళ్లింపులు, వీటి మీద కౌన్సిల్‌తో మాట్లాడటానికి నాలుగొందల షాపుల తరఫున ఒక గొంతు ఉంటుంది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ‘బిడ్ ఊడ్పిస్తోందిగా’ అని కౌన్సిల్ తన పని తగ్గించుకోవచ్చు. అందుకే కౌన్సిల్ ఇప్పటికే ఏ సేవలు అందిస్తోందో రాతలో పెట్టే బేస్‌లైన్ ఒప్పందం ఉంటుంది. వీధి వారానికి ఎన్నిసార్లు ఊడ్వాలి, ఎన్ని చెత్తడబ్బాలు ఖాళీ చేయాలి, అన్నీ అందులో ఉండాలి. ‘తగిన స్థాయిలో శుభ్రత’ అని మాత్రమే ఉంటే ఆ ఒప్పందంతో ఎవర్నీ నిలదీయలేరు. మీ ఊరి ఒప్పందం అడిగి చదవండి.

ఇక మీ బిల్లు. 11,500కి ఒకటిన్నర శాతం సరిగ్గా 172.50. చాలాచోట్ల రేటు ఒకటి, రెండు శాతం మధ్య ఉంటుంది. 12,000 లోపు రేటబుల్ వాల్యూ ఉన్న ఏకైక షాపుకు బిజినెస్ రేట్స్ పూర్తిగా మాఫీ అయినా, ఆ మాఫీ లెవీకి వర్తించదు. చిన్న షాపుల్ని వదిలేయాలా అన్నది ఏ బిడ్‌కి ఆ బిడ్ తన నిబంధనల్లో రాసుకుంటుంది. మీ షాపు విలువ ఆ మినహాయింపు పరిమితి దాటిందో లేదో, ఏ సంవత్సరపు వాల్యుయేషన్ జాబితా (రేటబుల్ వాల్యూల పట్టిక) వాడారో చూసుకోండి. కొన్ని బిడ్‌లు పాత జాబితాతోనే అయిదేళ్లూ నడిపిస్తాయి. లెవీ మీద వ్యాట్ ఉండదు, కాబట్టి తిరిగి రాబట్టుకోవడానికీ ఏమీ ఉండదు. వ్యాపార ఖర్చుగా మాత్రం మీ అకౌంటెంటుకు ఇవ్వండి.

ఈ బిల్లు రేట్స్ బిల్లుతో కాకుండా విడిగా రావచ్చు, ప్రకటనల కాగితమేమో అనుకుని పక్కన పడేస్తారు. తర్వాత రిమైండర్, సమన్లు, మేజిస్ట్రేట్ కోర్టు నుంచి లయబిలిటీ ఆర్డర్ (బాకీ ఉందని నిర్ధారించే ఉత్తర్వు), చివరికి వసూలు ఏజెంట్లు. ఖర్చులు కలిసి అసలుతో సమానమయ్యే ప్రమాదం ఉంది.

అన్నిటికంటే ఎక్కువగా మనవాళ్లు పోగొట్టుకునేది ఓటు. బిడ్ గడువు ముగిసేలోపు, అది కొనసాగాలా అని మళ్లీ పోస్టల్ బ్యాలెట్ పెడతారు. పత్రాలు కనీసం 28 రోజుల ముందు పంపాలి. రెండు లెక్కల్లోనూ నెగ్గాలి: వేసిన ఓట్ల సంఖ్యలో సగం దాటాలి, ఓటేసినవాళ్ల మొత్తం రేటబుల్ వాల్యూలోనూ సగం దాటాలి. ఉదాహరణకు నూటఅరవై ఓట్లలో తొంభై ‘అవును’ అన్నాయనుకోండి. ‘కాదు’ అన్న డెబ్బైలో పెద్ద స్టోర్లు ఉండి విలువలో వాళ్లదే పైచేయి అయితే ప్రతిపాదన ఓడిపోతుంది. అలాగే పెద్దవాళ్లు ఎంత కోరుకున్నా చిన్నషాపులు కలిసి ఓడించగలవు. ఇంగ్లండ్‌లో కనీస పోలింగ్ శాతం లేదు, కాబట్టి కొద్దిమంది వేసినా ఫలితం చెల్లుతుంది. రెండు షాపులుంటే రెండు ఓట్లు.

బ్యాలెట్ పత్రం తరచూ తప్పు చిరునామాకు పోతుంది. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు అకౌంటెంటు దగ్గరుంటే అక్కడికి వెళ్లి పడి ఉంటుంది. పాత యజమాని పేరు మీదా రావచ్చు. నోటీసు వచ్చిన వెంటనే ఓటరుగా ఎవరి పేరుందో కౌన్సిల్‌ని అడిగి సరిచేయించండి.

‘అవును’ వేయాలా అన్నది పని చూసి నిర్ణయించుకోండి. రేంజర్లు మీ సందులోకి వస్తున్నారా, లేక మెయిన్ రోడ్డు మీద గొలుసు స్టోర్ల ముందే తిరుగుతున్నారా? జీతాలకూ ఆఫీసుకూ ఎంత పోతోంది? బిడ్‌లలో ఎక్కువ భాగం లాభాపేక్ష లేని కంపెనీలు, లెక్కలు కంపెనీస్ హౌస్‌లో (కంపెనీల వివరాలు నమోదుచేసే ప్రభుత్వ సంస్థ) ఉచితంగా దొరుకుతాయి. సభ్యత్వానికి దరఖాస్తు చేసి ఏజీఎంకు (వార్షిక సర్వసభ్య సమావేశానికి) వెళ్తే డైరెక్టరుగా నిలబడే అవకాశమూ ఉంటుంది. రెస్టారెంట్ల తరఫున మాట్లాడేవాళ్లు బోర్డులో లేకపోతే సాయంత్రం ఆరు తర్వాతి వెలుతురు, భద్రత గురించి పట్టించుకునేవాళ్లుండరు.

కొత్తగా లీజు తీసుకోబోయేవాళ్లు సంతకానికి ముందే కౌన్సిల్ బిజినెస్ రేట్స్ విభాగానికి రాసి, చిరునామా బిడ్ హద్దులో ఉందా, శాతమెంత, గడువెప్పటికి, మధ్యలో ఖాళీ చేస్తే రోజుల లెక్కన వాపసు ఇస్తారా అని అడగండి. కొన్నిచోట్ల ఒక నిర్ణీత తేదీన షాపు ఎవరి చేతిలో ఉంటే ఏడాది మొత్తం బిల్లూ వాళ్లదే, వాపసు లేదు. నడుస్తున్న షాపు కొంటుంటే ఆ ఏడాది లెవీని రోజుల లెక్కన పంచుకునేలా ఒప్పందంలో ఒక వాక్యం చేర్చమని సాలిసిటర్‌కి చెప్పండి.

స్కాట్లండ్‌లో చట్టం వేరు: అక్కడ ఓటర్ల సంఖ్యలోనూ, రేటబుల్ వాల్యూలోనూ కనీసం 25 శాతం పోలవ్వాలి. అమెరికా, కెనడాల్లో సాధారణంగా ఈ లెవీ భవన యజమాని మీద పడుతుంది. ట్రిపుల్ నెట్ లీజైతే (అద్దెతో పాటు పన్నులు, బీమా, నిర్వహణ కూడా అద్దెదారే భరించేది) ఆయన దాన్ని అద్దెదారు ఖర్చుల్లో కలిపేస్తాడు, కాబట్టి అక్కడివాళ్లు వెతకాల్సింది లీజులోని ఖర్చుల పట్టికలో.