ముందు బుజం, తర్వాతే బొమ్మ

అమ్మాయీ,

హోపీ పద్ధతిలో నువ్వు చేసిన కుండ ఫొటోలు చూశాను. బొమ్మ చక్కగా గీశావు, కుండ ఆకారమే కూలబడింది. హోపీలు (అమెరికాలో అరిజోనా ఆదివాసులు) చేసే కుండకి బొమ్మ ఆఖరి పని. సిక్యాట్కి (పాడుపడిన పాత హోపీ ఊరు) జాడీకి వెడల్పాటి బుజం, దాదాపు చదునుగా తిరిగే పైభాగం, చిన్న మూతి ఉంటాయి. పక్షుల రెక్కలూ తోకలూ పరుచుకునేది ఆ పైభాగం మీదే. ఆ తీరులో పేరు తెచ్చుకున్న హోపీ కుమ్మరి నాంపేయో, చూపు మందగించాక కూడా తడుముకుంటూ కుండలు చేసింది, రంగులు కూతుళ్లు వేసేవారు.

సారె ఉండదు. అడుక్కి పళ్లెం పెట్టుకుని, వేలిమందం మట్టితాళ్లు చుట్టుకుంటూ పైకి రా. బుజం తిరిగేచోట ఆగు. కింది భాగం బిగుసుకోవాలి, అంచుకు మాత్రం తడిగుడ్డ కప్పు. అంచు ఎండితే తర్వాతి చుట్ట అతకదు, కాల్చేటప్పుడు సరిగ్గా అక్కడే విడుతుంది. సొరబుర్ర ముక్కతో లోపలినుంచి గీకు, అడుగుని మరీ ఎక్కువ గీకు. పల్చటి గోడ ముందే ఆరి ముడుచుకుంటుంది, మందపు అడుగు వెనకబడి నెర్రె పడుతుంది.

ఆరాక ఇసుకరాయితో రుద్ది, అరచేయంత మేర తడిపి గులకరాయితో మెరుగు పెట్టు. తడి ఆరిన చోట రాయి గీరుతుంది.

నలుపుకి బీవీడ్ మొక్కని (మన వామింటకి చుట్టమే) ఉడికించి, వడగట్టి, పాకంలా చిక్కబరుస్తారు. హెమటైట్ అనే ఇనుప ఖనిజపు రాయిని నీళ్లతో అరగదీసి అందులో కలుపుతారు. పాకం చాలకపోతే కాల్చాక నలుపు చేతికంటుతుంది, మరీ చిక్కగా పూస్తే పెచ్చులూడుతుంది. కుంచె అంటే కొస నమిలిన యుక్కా (కత్తిలాంటి ఆకుల ఎడారిమొక్క) ఆకు చీలిక. దాని పీచు పొడవునా ఆనించి లాగు. పచ్చిమట్టి రంగుని పీల్చేస్తుంది, తుడిస్తే పోదు.

నాంపేయోకి పాత బొమ్మలు 1895లో పురావస్తు పరిశోధకుడు ఫ్యూక్స్ సిక్యాట్కిలో చేసిన తవ్వకాలే నేర్పాయంటారు. అది సగం నిజం, అంతకుముందే పాత పెంకులు చూసి గీసేది. తర్వాత్తర్వాత పక్షి రెక్కో, పక్షి ముక్కో తీసుకుని తన కుండ బుజానికి సరిపడా పేర్చుకుంది. నువ్వు మాత్రం పళ్లెం మీది బొమ్మని జాడీ మీదికి ఎత్తేశావు.

సిక్యాట్కి వాళ్లు రాక్షసిబొగ్గుతో కాల్చేవారు. గొర్రెలు స్పానిష్‌వాళ్లతో వచ్చాయి, ఇప్పుడు బొగ్గు బదులు ఎండిన గొర్రెపెంట పలకలే. కుండని ముందు మంట పక్కన వేడెక్కనివ్వు, తేమ మిగిలితే ఆవిరై పెచ్చు పేలుతుంది. బోర్లించి, పెంకులు కప్పి, పైన పలకలు పేర్చు. పెంట తగిలినచోట నల్లమచ్చ పడుతుంది. గాలి లేస్తే ఆ రోజుకి మానెయ్. బూడిద చల్లారేదాకా పెంకు ఎత్తకు. బూడిదరంగు మట్టి తేనెరంగుకి తిరిగి, అక్కడక్కడ నారింజ ఛాయ తేలుతుంది. అది లోపం కాదు, ఎలక్ట్రిక్ బట్టీకి పరుగెత్తకు.

ఎప్పుడైనా వెళితే, ఫస్ట్ మేసా (హోపీలుండే గుట్ట) ఊళ్లలో ఫొటోలు, రికార్డింగులు, స్కెచ్చులు నిషేధం. నేలమీది పెంకు కూడా తియ్యకు. పాతవి దగ్గర్నుంచి చూడాలంటే ఫీనిక్స్‌లో హర్డ్ మ్యూజియం ఉంది. నువ్వు చేసిందాన్ని హోపీ కుండ అని అమ్మితే అమెరికాలో 1990 నాటి చట్టం ప్రకారం నేరం.

ఈసారి రంగు వెయ్యకముందే ఫొటో పంపు, పక్కనుంచి తీసింది.